రిమోట్ డెస్క్‌టాప్ సెటప్ చేసిపెడతామని డబ్బు తీసుకునేవాళ్ళతో జాగ్రత్త

ముందే చెప్తున్నాను, పోస్టు కాస్త పొడుగు. తీరిక లేనివాళ్ళకి ఒక్క ముక్క: ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకోదాన్ని వాడే ఏర్పాటు) కనెక్ట్ కావట్లేదని "ప్రో కీతో (విండోస్‌ని ప్రో రకానికి మార్చే లైసెన్స్ నంబర్) పాటు పూర్తి సెటప్, పది నిమిషాల్లో" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి డబ్బు కట్టకండి. నేను కట్టాను. పని అయింది కూడా. అసలు గొడవ పని అయ్యాకే మొదలైంది.

నా గదిలో ఒక డెస్క్‌టాప్, హాల్లో వాడుకోవడానికి ఒక లాప్‌టాప్ ఉన్నాయి. రెండూ విండోస్ 11. ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్‌లో ఉంటాయి కాబట్టి లాప్‌టాప్ నుంచి దాంట్లోకి వెళ్ళి పని చేసుకుందామనుకున్నాను, అంతే. కనెక్ట్ కొట్టిన ప్రతిసారీ ఒకటే మెసేజ్: అవతలి కంప్యూటర్‌లో రిమోట్ యాక్సెస్ ఆన్‌లో లేదు, లేదా అది ఆఫ్‌లో ఉంది, లేదా నెట్‌వర్క్‌లో లేదు. మూడు కారణాలు చెప్పి ఏదో ఒకటి నువ్వే వెతుక్కో అంటుంది. మూడు రోజులు వెతుక్కున్నాను. పాత సిస్టమ్ ప్రాపర్టీస్ విండోలో రిమోట్ అనే ట్యాబ్ ఉంటుంది కదా, అందులో టిక్ పెట్టే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ టిక్ రిమోట్ అసిస్టెన్స్‌ది (సాయం కోసం ఇంకొకరికి మన స్క్రీన్ చూపించేది), రిమోట్ డెస్క్‌టాప్‌ది కాదు. ఈ సంగతి డబ్బు పోయాక తెలిసింది.

నా డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ హోమ్ ఎడిషన్. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్ళొచ్చు గానీ, హోమ్ ఉన్న కంప్యూటర్‌లోకి బయటి నుంచి ఆర్‌డీపీతో (అంటే ఈ రిమోట్ డెస్క్‌టాప్‌తో) రానివ్వదు. ప్రో గానీ, ఎంటర్‌ప్రైజ్ గానీ, ఎడ్యుకేషన్ గానీ ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ పేజీ తెరిస్తే మీ ఎడిషన్‌కి ఇది లేదని విండోసే రాసి చూపిస్తుంది. ఆ పేజీ నేను తెరవనే లేదు. ఇంకో తమాషా ఏంటంటే నా లాప్‌టాప్‌లో ఉన్నది ప్రో, అంటే డెస్క్‌టాప్ నుంచి లాప్‌టాప్‌లోకి అయితే ఎప్పుడో వెళ్ళి ఉండేవాణ్ణి, నాకు కావాల్సింది సరిగ్గా దానికి తిరగేసింది.

సరే, అమ్మినాయన విషయానికి వస్తాను. పేరు రాయను. మాట మర్యాదగానే ఉంది, ఒక స్క్రీన్ షేరింగ్ యాప్‌తో నా కంప్యూటర్‌ని తన చేతిలోకి తీసుకుని చకచకా పని చేశాడు. ఒక కీ కొట్టాడు, హోమ్ కాస్తా ప్రో అయింది. తర్వాత లాప్‌టాప్ నుంచి ప్రయత్నిస్తే లాగిన్ తీసుకోలేదు. నేను రోజూ వాడేది పిన్ కదా, అదే కొట్టాను. రిమోట్‌లో ఆ పిన్ పనిచేయదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. ఎప్పుడూ పిన్‌తోనే లోపలికి వెళ్ళేవాళ్ళకి ఒక్కోసారి పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా తీసుకోదు. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలోతో (పిన్, ముఖం, వేలిముద్రతో లాగిన్) మాత్రమే అనే స్విచ్ తీసేసి, ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే సర్దుకుంటుంది. రెండు నిమిషాల పని. అది చెప్పకుండా ఆయన ఏం చేశాడంటే, "అడ్మిన్" అనే పేరుతో కొత్త లోకల్ అకౌంట్ తెరిచి, చిన్నపిల్లలు కూడా ఊహించగల పాస్‌వర్డ్ పెట్టి, దానికి పూర్తి అధికారాలు ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటే విండోస్ రిమోట్‌లో రానివ్వదు, లేకపోతే అది కూడా పెట్టేవాడు కాదేమో.

అక్కడితో ఆగినా బాగుండేది. "బయటి నుంచి కూడా వాడుకోవచ్చు సార్, ఫ్రీగా చేసిపెడతాను" అని రూటర్‌లోకి వెళ్ళి 3389 పోర్ట్‌ని (రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు నంబర్) నేరుగా డెస్క్‌టాప్‌కి ఫార్వార్డ్ చేశాడు, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా ఆ తలుపు దాకా రాగలిగేలా. అడ్డం వస్తోందని, బయటి నుంచి వచ్చే కనెక్షన్లని ఆపే ఫైర్‌వాల్ ఆపేశాడు. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (లాగిన్ స్క్రీన్ చూపించే ముందే పాస్‌వర్డ్ సరిచూసేది) టిక్ తీసేశాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాను, అబ్బ ఎంత స్పీడు అనుకుంటూ. నా బుద్ధికి నేనే ఏమనాలి.

కొన్ని రోజులు హాయిగా నడిచింది. ఒక పొద్దున లాప్‌టాప్ నుంచి కనెక్ట్ అయితే, తప్పు పాస్‌వర్డ్‌లు చాలాసార్లు కొట్టినందుకు అకౌంట్ లాక్ అయిందని వచ్చింది. నేను ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదు. కాసేపటికి తెరుచుకుంది, మళ్ళీ లాక్. కొత్త విండోస్ 11లో 10 సార్లు తప్పు కొడితే 10 నిమిషాలు లాక్ అయ్యే ఏర్పాటు ఉంటుంది, మరి కొడుతున్నది ఎవరు? ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీకి వెళ్ళి, 4625 నంబర్ ఈవెంట్లు ఫిల్టర్ చేశాను. అది ఫెయిలైన లాగిన్ నంబర్. పేజీలకి పేజీలు. రాత్రంతా, నిమిషానికి ఎన్నోసార్లు, ఎక్కడెక్కడి ఐపీ అడ్రస్‌ల నుంచో "అడ్మిన్" పేరుతో తలుపు తడుతూనే ఉన్నారు. చేతులు చల్లబడ్డాయంటే నమ్మండి. వెంటనే నెట్ కేబుల్ పీకేశాను.

ఇది నా ఒక్కడి మీద ఎవరో పగబట్టి చేసింది కాదు. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న 3389 పోర్ట్ కోసం ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్ళు వెతుకుతూనే ఉంటాయి. 2019 మే నెలలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, పాస్‌వర్డే అక్కర్లేకుండా పాత విండోస్‌ల లోపలికి దూరిపోయే అవకాశం ఉందని, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, అంత సీరియస్ విషయం. విండోస్ 11కి ఆ లోపం లేదు, నిజమే, కానీ తేలిక పాస్‌వర్డ్ ఉన్న అడ్మిన్ అకౌంట్ ఉంటే వేరే లోపం ఎందుకు? పోర్ట్ నంబర్ 3390కో ఇంకోదానికో మార్చితే చాలని కొందరు చెప్తారు. స్కాన్ చేసేవాళ్ళకి అది ఒక లెక్క కాదు.

ఇక ఆ కీ కథ. అనుమానం వచ్చి స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ స్లాష్ డీఎల్‌ఐ (slmgr /dli) కొట్టాను. ఒక చిన్న విండో వస్తుంది, అందులో ఛానెల్ అని ఉంటుంది. మామూలుగా కొనుక్కున్నదైతే రీటెయిల్ అని, కంప్యూటర్‌తో వచ్చినదైతే ఓఈఎం అని చూపిస్తుంది. నాది వాల్యూమ్ అని చూపించింది. అంటే ఏదో సంస్థకి మొత్తంగా ఇచ్చిన లైసెన్స్‌లోంచి ఒకటి తీసి నాకు అమ్మాడన్నమాట. దాన్ని ఎప్పుడైనా ఆపేయొచ్చు. నాది ఆగిపోయింది కూడా, ఆ నెలలోనే స్క్రీన్ మూలన యాక్టివేట్ చేయండి అనే వాటర్‌మార్క్ వచ్చి కూర్చుంది. ప్రో నుంచి మళ్ళీ హోమ్‌కి వెనక్కి వెళ్ళడానికి ఒక బటన్ అంటూ ఉండదు, విండోస్ మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. నేను ఎలాగూ అదే చేశాను, ఊరూ పేరూ తెలియనివాళ్ళు తట్టిన మెషీన్‌ని నమ్మబుద్ధి కాలేదు. ఒక వీకెండ్ మొత్తం పోయింది. నిజంగా ప్రో కావాలనుకుంటే సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ నుంచి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొనుక్కోండి, ఖరీదు ఎక్కువే గానీ మీ పేరు మీద ఉంటుంది.

అసలు డబ్బే అక్కర్లేని పని ఇది, అదే ఎక్కువ మండుతోంది. ఎవరికైనా పైసా ఇచ్చే ముందు ఎడిషన్ ఏంటో చూడండి. స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని టైప్ చేసినా తెలిసిపోతుంది. ప్రో అయ్యుండీ కనెక్ట్ కాకపోతే చాలా సార్లు కారణం నిద్రే: అవతలి కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్ళిపోయి ఉంటుంది, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ చేయండి, స్క్రీన్ ఆఫ్ అయినా పర్లేదు. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి, ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనపడవు. నిన్న పనిచేసి ఇవాళ పనిచేయకపోతే రూటర్ ఆ కంప్యూటర్‌కి ఐపీ మార్చి ఉండొచ్చు, 192.168తో మొదలయ్యే ఆ నంబర్‌ని రూటర్‌లో రిజర్వ్ చేసుకోవచ్చు, లేదా ఐపీ బదులు కంప్యూటర్ పేరు కొట్టి చూడండి. పింగ్‌కి (అవతలి కంప్యూటర్ ఉందో లేదో చూసే కమాండ్) జవాబు రాలేదని కంగారు పడకండి, విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌ని ఆపుతుంది. ఫైర్‌వాల్‌ని మాత్రం ఆపేయకండి, రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్ ఆన్ చేస్తే దానికి కావాల్సిన దారి విండోసే తెరుస్తుంది.

బయటి నుంచి వాడాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. మా కజిన్ కూడా నా మాట విని ఇదే మనిషి దగ్గర కొన్నాడు (తిట్లు ఇంకా తింటున్నాను). వాడికి పోర్ట్ ఫార్వార్డ్ ఎన్నిసార్లు చేసినా పనిచేయలేదు, మోడెమ్ బాలేదు, మార్చాలి, దానికి వేరే చార్జి అన్నాడట. రూటర్‌లో వాన్ ఐపీ (ప్రొవైడర్ రూటర్‌కి ఇచ్చిన ఐపీ) చూస్తే 100.70తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీ ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నాడని అర్థం, మీ రూటర్‌లో పోర్ట్ తెరిచి లాభం లేదు, మోడెమ్ మార్చినా అంతే. వాడి అదృష్టం, ఆ గోడే వాణ్ణి కాపాడింది.

ఇప్పుడు నేను హోమ్ ఎడిషన్‌లోనే ఉన్నాను, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడుతున్నాను. గూగుల్ అకౌంట్, ఒక పిన్, అంతే, రూటర్ జోలికి వెళ్ళక్కర్లేదు. గూగుల్ వద్దనుకుంటే రస్ట్‌డెస్క్ ఉంది, ఓపెన్ సోర్స్. ప్రో ఉండి ఆర్‌డీపీయే కావాలంటే రెండు కంప్యూటర్లలో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీ కంప్యూటర్ల మధ్య మాత్రమే ఉండే ప్రైవేట్ దారి) పెట్టుకుని దాని లోపల నుంచి కనెక్ట్ అవ్వండి.

ఇప్పటికే ఇలాంటివాళ్ళ చేత చేయించుకున్నవాళ్ళు ఇవాళే రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ తెరిచి 3389 ఉంటే తీసేయండి, మీరు పెట్టని యూజర్ అకౌంట్‌లు తీసేయండి, ఫైర్‌వాల్ ఆన్ చేయండి, నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ టిక్ వెనక్కి పెట్టండి, ఆయన వాడిన స్క్రీన్ షేరింగ్ యాప్ ఇంకా ఉందేమో చూసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. నా దాంట్లో అది కంప్యూటర్ ఆన్ అవ్వగానే దానంతట అదే స్టార్ట్ అయ్యేలా పెట్టి ఉంది. రూటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, ఆయనకి తెలుసు కదా.

రీఫండ్ కోసం మూడు మెసేజ్‌లు పెట్టాను. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి వచ్చింది: "సార్, ఒకసారి మళ్ళీ యాక్సెస్ ఇవ్వండి, చూసి చెప్తాను."