లేజర్ గీత వాకర్ రివ్యూ: గీత బాగుంది, బ్రేక్ ఇంకా బాగుంది

పార్కిన్సన్స్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకుంటూ, ఏ వాకర్ కొనాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా మామయ్యగారికి లేజర్ గీత పడే వాకర్ తీసుకున్నాం. మంచి వస్తువు. అందరూ ఆ ఎర్ర గీత గురించే చెప్తారు గానీ, నన్నడిగితే దీని అసలు విలువ బ్రేక్‌లో ఉంది.

మామయ్యగారి కాళ్లలో బలం ఉంది. కానీ నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరో, వెనక్కి తిరిగేటప్పుడో పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. ఫ్రీజింగ్ అంటారు దీన్ని. పాదాలు ఆగినా ఒళ్లు ముందుకి తూలుతుంది, పడేది అప్పుడే. ఒక్కోసారి చిన్న చిన్న అడుగులు వేగం పెరిగిపోయి ఆయన ఆపుకోలేరు. మామూలు చక్రాల వాకర్ అయితే అలాంటప్పుడు మనిషిని వదిలేసి ముందుకి జారిపోతుంది, సరిగ్గా ఆ క్షణంలో గబుక్కున బ్రేక్ నొక్కాలంటే ఈ జబ్బులో చేతులు అంత త్వరగా కదలవు.

ఇందులో బ్రేక్ తిరగేసి పెట్టారు. పిడి దగ్గరున్న లీవర్ నొక్కి పట్టుకున్నంతసేపే చక్రాలు తిరుగుతాయి, వదిలితే అక్కడికక్కడే ఆగిపోతాయి. చక్రాలు ఎంత బిగువుగా తిరగాలో కూడా మనమే సరిచేసుకోవచ్చు, పరుగులాంటి నడకకి అది బాగా పనిచేసింది. కాకపోతే అలవాటు కావడానికి ఓపిక పట్టాలి. మతిమరుపు ఎక్కువగా ఉన్నవాళ్లకి, లేదా భయమేస్తే చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకునేవాళ్లకి ఈ పద్ధతి సరిపడదు.

ఇక గీత. మీట నొక్కగానే పాదాల ముందు నేల మీద అడ్డంగా ఎర్రటి వెలుగు పడుతుంది. ఆయన ఆగిపోయినప్పుడు "గీత దాటండి మామయ్యా" అంటాం, మడమ లేస్తుంది, మోకాలు వంగుతుంది, అడుగు పడుతుంది. మొదటిసారి చూసి అత్తయ్య ఏడ్చేశారు. ఇందులో మాయేమీ లేదు. మనం ఆలోచించకుండా నడిచేస్తామే, ఆ పని చూసుకునే బేసల్ గాంగ్లియా అనే మెదడు భాగం ఈ జబ్బులో దెబ్బతింటుంది. కంటి ముందు దాటాల్సింది ఒకటి కనిపిస్తే మెదడు వేరే దారిలో, తెలిసి వేసే అడుగు వేయిస్తుంది. కొందరికే పనిచేస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. అందుకే ముందు నేల మీద అడుగు అడుగు దూరంలో రంగు టేపు అతికించి చూడండి. టేపు గీతలు దాటగలిగితే లేజర్ కూడా పనికొచ్చే అవకాశం ఉంది. అసలు ఆగిపోయేది ఒక్క గుమ్మం దగ్గరే అయితే ఆ టేపే చాలేమో, వాకరే అక్కర్లేదేమో.

ఎండలో గీత అస్సలు కనపడదు. డిజైన్లున్న టైల్స్ మీద కలిసిపోతుంది. అస్తమానం కిందికే చూస్తుంటే అసలే వంగిన నడుం ఇంకా వంగుతుంది కాబట్టి మేం గీత ఎప్పుడూ వేసి ఉంచం, ఆగినప్పుడే వేస్తాం. బరువు కూడా ఎక్కువే, మెట్లు ఎక్కించాలన్నా బండిలో పెట్టాలన్నా ఇంకొకరి సాయం కావాలి.

ఇంకో మాట, మందు ప్రభావం తగ్గిన వేళ ఏ వాకరూ పెద్దగా ఆదుకోదు. ఈ జబ్బుకి వాడే లెవోడోపా మాత్ర టైముకి పడాలి. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేస్తే కొందరికి ఆ మాత్ర సరిగా ఎక్కదు, అందుకని ఆయనకి భోజనానికి అరగంట ముందే ఇస్తాం. మీ డాక్టర్‌ని అడిగి మీ టైములు పెట్టుకోండి. మందు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా ఆగిపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి విడిగా చెప్పండి.

అమ్మినవాళ్ల సర్వీసు మాత్రం నాకు నచ్చలేదు. లేజర్ మీట పాడైతే ఫోన్లు చేసి చేసి విసిగిపోయాం, వచ్చిన అబ్బాయికి తిరగేసిన బ్రేక్ ఎలా బిగించాలో కూడా తెలియదు. చివరికి ఫిజియోథెరపిస్టే పిడి ఎత్తు, చక్రాల బిగువు సరిచేసి, మలుపులో ఒక్కసారిగా గిర్రున తిరగకుండా వాకర్‌తో పాటు వెడల్పుగా చుట్టి రావడం నేర్పించారు.

వాకర్‌కి ఐదుకి నాలుగు, సర్వీసుకి ఒకటి. తీసుకునేముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి నడిపించి చూడండి, బాత్రూమ్ గుమ్మం వెడల్పు కొలుచుకోండి, మీట పాడైతే విడిగా దొరుకుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.