పెట్టుబడి చీరలు, లాడ్జి బాదుడు

రాజమండ్రిలో పెళ్లి బట్టలు కొనడానికి వెళ్తే లాడ్జి జోలికి పోకండి. తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేయండి.

చెల్లి పెళ్లికి అమ్మ, పిన్నితో అమలాపురం నుంచి వెళ్లాం. మెయిన్ రోడ్డు దగ్గర ఏసీ గది ఫోన్‌లో 1,450కి బుక్ చేశా. కౌంటర్ వెనక గోడ మీద ‘24 గంటల చెక్ అవుట్’ అని ఎర్రటి అక్షరాలు. సాయంత్రం నాలుక్కి దిగాం. మూడో మనిషికి 300 అన్నారు, ఇచ్చాం. తెచ్చిన పరుపుకి ఎవరిదో తలనూనె వాసన. పిన్ని దాని మీద తన చీర పరుచుకుని పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి ఫోన్: "ఖాళీ చేస్తారా, సగం రోజు కడతారా?" గోడ చూపిస్తే, "ఆన్‌లైన్ బుకింగ్‌కి అది వర్తించదండి" అన్నాడు. ఇంకో 600 వదిలింది. 2027 పుష్కరాలకి ఎంత లాగుతారో!

అమ్మ పుట్టిల్లు కొవ్వూరు. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన రాకముందు, అమ్మమ్మతో లాంచీలో గోదావరి దాటి బట్టలకి ఇక్కడికే వచ్చేదట. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటే కొట్టాయన చీరలు ఒక్కోటీ విసిరి పరిచేవాడట. ఇప్పుడు మెయిన్ రోడ్డులో మేం ఎక్కింది అద్దాల తలుపుల నాలుగంతస్తుల షాపు. లిఫ్టుంది, ఏసీ ఉంది. "ఎంతకిస్తావమ్మా?" అని అమ్మ అడిగితే ఆ పిల్ల నవ్వి, "స్కాన్ చేస్తే వచ్చేదే రేటండి" అంది. అమ్మ ముఖం మాడిపోయింది. ఏమీ కొనకుండానే దిగొచ్చాం.

తాడితోట హోల్‌సేల్ బట్టల కాంప్లెక్సులో ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అక్కడ పరుపులు ఇంకా ఉన్నాయి. లక్ష్మీదేవి పటం పక్కన క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది, అంతే తేడా. "ఏ ఊరండీ మీది?" దగ్గర మొదలైంది బేరం. పెళ్లిలో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీర 480 చెప్పాడు. అమ్మ రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లింది, రెండుసార్లూ పిలిచాడు. చివరికి 430 చొప్పున డజను, 5,160. ముప్పావుగంట పట్టింది. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి, అమ్మకి మాత్రం పదేళ్లు తగ్గాయి. డజన్ల లెక్కన కొనేవాళ్లు నేరుగా ఇక్కడికే రండి. ఒకటీ అరా పట్టుచీరకైతే మెయిన్ రోడ్డే నయం.

రోజ్ మిల్క్ తాగి బస్సెక్కాం. రావులపాలెం దాటేదాకా పిన్నికి ఆ 600 గోలే. అమ్మకి అదేం పట్టలేదు. కొత్తపేట వచ్చేలోపే, ఏ చీర ఏ ఆడపడుచుకో పంచేసింది.