బరంపురమా, వైజాగా? ఉద్యోగం చేస్తూ లా చదవాలంటే ఏది మేలు

నేను లాలో చేరానని తెలిసిన దగ్గర్నుంచీ ఒడిశాలోని మా బరంపురం తెలుగువాళ్ళు అడిగేది ఒకటే. ఊళ్ళో లింగరాజ్ లా కాలేజీ మేలా, వైజాగ్ వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీలో చదివితే మేలా? అడిగేవాళ్ళంతా ముప్పై దాటినవాళ్ళే. టీచర్లు, బ్యాంకువాళ్ళు, నాలాగా కొట్లో పద్దులు రాసేవాళ్ళు. కాబట్టి ఇంటరు పిల్లల అయిదేళ్ళ కోర్సు జోలికి వెళ్ళను. మనకి డిగ్రీ మీద చదివే మూడేళ్ళ ఎల్ఎల్‌బీయే గతి.

పేరు చూస్తే వైజాగే, కాదనను. చుట్టూ తెలుగు, ఉండడానికి ఎవరో ఒక చుట్టాలిల్లు. అయితే సీటు సంగతి ముందు చూసుకోండి. ఆంధ్రాలో లా సీట్లకి పెట్టే ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 85 శాతం సీట్లు స్థానికులకే. మనం ఎంత తెలుగు మాట్లాడినా కాగితాల మీద ఒడిశావాళ్ళమే. మిగతా 15 శాతంలోకి రావాలన్నా మామూలుగా మనమో, అమ్మానాన్నల్లో ఒకరో పదేళ్ళు అక్కడ ఉన్నట్టు చూపించాలి.

సీటు వచ్చిందే అనుకుందాం. నా దృష్టిలో తేల్చేది కాలేజీ పేరు కాదు, హాజరు. వకీళ్ళకీ, లా చదువుకీ నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం ఉండాలి. వారానికి 30 గంటల తరగతులు, అవీ ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే. ఆఫీసు అయ్యాక రాత్రి కాలేజీకి పోదామన్న ఆశ వదులుకోవాల్సిందే. ఒక సబ్జెక్టుకి 60 క్లాసులు జరిగాయనుకోండి, 42కి వెళ్ళాలి, 18 మానొచ్చు. వినడానికి బోలెడున్నట్టే ఉంటుంది. అందులోంచి పిల్లాడి జ్వరాలు, మేనకోడలి పెళ్ళి, మార్చి నెలాఖరు లెక్కలు, ఏడాది కలిసొస్తే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి దిగే బంధువులు, అన్నీ తీసేయండి. ఇంకేం మిగిలింది?

పిల్లాడికి ఒళ్ళు కాలుతోందని బడి నుంచి ఫోనొస్తే ఊళ్ళో చదివేవాళ్ళకి ఒకటో రెండో పీరియడ్లు పోతాయి. వైజాగ్‌లో ఉన్నవాళ్ళు నాలుగైదు గంటలు రైల్లో వచ్చి, మళ్ళీ వెళ్ళాలి. రెండు రోజుల హాజరు హరీ. నేను ఊళ్ళోనే చేరడానికి కారణం ఇంతే. మా పట్టుచీరల షావుకారు మధ్యాహ్నం నుంచి కొట్టు కట్టేసేదాకా ఉండమన్నాడు, జీతం కాస్త కోశాడు. పిల్లాణ్ణి బడి నుంచి తెచ్చేది మా అత్తగారు. పాత బిల్లు పుస్తకం వెనకట్ట మీద సబ్జెక్టుకో గడి గీసి, మానిన క్లాసుకల్లా ఒక గీత పెడుతున్నా. ఆస్తి బదిలీ చట్టం గడి అప్పుడే నిండొస్తోంది.

ఎవరూ లెక్కలో వేసుకోనిది ఇంటర్న్‌షిప్. మూడేళ్ళలో కనీసం 12 వారాలు చెయ్యాలి. అదీ ఊళ్ళో కోర్టులో సీనియర్ వకీలు దగ్గరైతే ఇల్లు కదలక్కర్లేదు, పైగా రేపు ప్రాక్టీసు చేసేదీ అక్కడే కదా. ఎఫ్ఐఆర్లు, భూమి పట్టాలు ఒడియాలో ఉంటాయి. మాట్లాడ్డం వచ్చినా చదవడం రాని మనవాళ్ళు చాలామంది. వైజాగ్‌లో మూడేళ్ళుంటే ఆ లోటు అలాగే ఉండిపోతుంది. ఇంకో పక్క, 1936 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి పాత తెలుగు దస్తావేజు ఏదైనా బయటపడితే చదవడానికి మనల్నే పిలుస్తారు. అన్నట్టు వి.వి.గిరి గారి నాన్నగారు జోగయ్య పంతులు గారూ ఈ ఊరి వకీలే.

"పరీక్షలకి వస్తే చాలు" అనే కాలేజీల గురించి కూడా అడుగుతున్నారు. వద్దు. 2024లో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టమంది. మార్కుల జాబితా ఇచ్చేముందు హాజరు, ఉద్యోగం సంగతులు రాయించుకోమంది. దూరవిద్య లా డిగ్రీతో నల్లకోటు వెయ్యలేరు, అంతే.

పర్లాకిమిడి, గుణుపురంవాళ్ళకి రెండూ దూరమే, ఎక్కడైనా గది తీసుకోక తప్పదు. సీటొస్తే వైజాగ్ రైలెక్కండి. రాయగడవాళ్ళు జయపురం లా కాలేజీని కనుక్కోండి.

చదువయ్యాక జీతం, నల్లకోటు రెండూ కుదరవు. పూర్తికాలం జీతగాళ్ళు వకీలుగా ప్రాక్టీసు చెయ్యకూడదు. వకీలుగా పేరు నమోదు చేయించుకునే ఫీజు భారం మాత్రం తగ్గింది. 2024 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125.

ఏ ఊరైనా సరే, ఉద్యోగం ఇచ్చినవాళ్ళ దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం తీసుకున్నాకే ఫీజు కట్టండి. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖ అనుమతి చేతికి రానిదే దరఖాస్తు కూడా పెట్టకండి.