పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతోంది? 14 రోజుల సెన్సార్ ఎంతవరకు చెబుతుంది

రాత్రి పడుకునే ముందు 140. మధ్యలో ఏమీ తినలేదు. పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే 190. చాలా ఇళ్లలో దీనికి వెంటనే చేసే పని, రాత్రి ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచేయడం. ఆ రెండు యూనిట్లు కొందరికి సరిగ్గా కావలసినవే. ఇంకొందరిని తెల్లారగట్ల మూడు గంటలకు చెమటలు పట్టించి మంచం మీంచి లేవలేకుండా చేసేవీ అవే. ఎవరికి ఏది అన్నది పరగడుపు అంకె ఒక్కదాన్ని చూసి చెప్పలేం. నిద్రపోయిన ఏడెనిమిది గంటల్లో ఏం జరిగిందో కనబడాలి. జబ్బకు అతికించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్‌ను ఈ ఒక్క అవసరం కోసమే పరీక్షగా చూసి రాస్తున్న సమీక్ష ఇది. స్కాన్ చేసి చూసుకునే మొదటి మోడల్ గురించే ఇక్కడ చెబుతున్నాం. దీనికి అలారం లేదు. రాత్రి షుగర్ పడిపోతే అది మిమ్మల్ని లేపదు.

పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్ద బిళ్ల. వెడల్పు 35 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. జబ్బ వెనకవైపు పెట్టి నొక్కితే సన్నటి తీగ అర సెంటీమీటరు లోపలికి దిగుతుంది. గంట తర్వాత పని మొదలుపెట్టి, 14 రోజులపాటు ప్రతి పావుగంటకూ ఒక అంకె దాచుకుంటుంది. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలోని గ్లూకోజ్‌ను. అందుకే వేలి స్ట్రిప్పు కన్నా ఐదు పది నిమిషాలు వెనక నడుస్తుంది. మొదటి రోజు అంకెలు నమ్మదగ్గవి కావు. సాయంత్రం పెట్టుకుంటే ఆ రాత్రిని లెక్కలోంచి తీసేయండి.

కొనే ముందు ఫోను చూసుకోండి. స్కాన్ చేయాలంటే ఫోనులో ఎన్‌ఎఫ్‌సి, అంటే దగ్గరకు తాకించగానే సమాచారం చదివే సదుపాయం, ఉండాలి. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. లేకపోతే సెన్సార్‌ను చదివే చిన్న పరికరం, రీడర్, వేరే కొనాలి. రీడరూ ఫోనూ రెండూ వాడదలిస్తే సెన్సార్‌ను ముందు రీడర్‌తోనే మొదలుపెట్టాలి. ఫోనుతో మొదలుపెడితే ఆ సెన్సార్‌ను రీడర్ ఇక చదవదు. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

ఇక దీని గొప్పతనం రాత్రి గీతలో, అంటే రాత్రంతా షుగర్ ఎలా నడిచిందో స్కాన్ చేశాక చూపే గ్రాఫులో, ఉంది. పొద్దున్న అదే 190 కనిపించినా దాని వెనక గీత ఆకారం మూడు నాలుగు రకాలుగా ఉండొచ్చు.

మొదటిది: పదింటికి 148, రెండింటికి 142, నాలుగింటికి 139, ఏడింటికి 188. నాలుగు దాకా బల్లపరుపుగా ఉండి అక్కణ్నుంచి ఎక్కుతుంది. వేకువన కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ వంటివి పెరిగి కాలేయం చేత గ్లూకోజ్ వదిలించడమే దీనికి కారణం. 1981 నుంచి వైద్యులు దీన్ని డాన్ ఫినామినన్ అంటున్నారు. షుగర్ లేనివాళ్లలోనూ ఈ హార్మోన్లు పెరుగుతాయి, వాళ్ల క్లోమం వెంటనే ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. ఇక్కడ రాత్రంతా పనిచేసే ఇన్సులిన్‌ను గుడ్డిగా పెంచితే నాలుగింటి ముందున్న బల్లపరుపు భాగం కూడా కిందికి దిగుతుంది. రాత్రి 139 ఉన్నవాళ్లకు కాస్త చోటుంది, 95 ఉన్నవాళ్లకు లేదు.

రెండోది: పదింటికి 165, ఒంటిగంటన్నరకు 84, మూడింటికి 58, ఏడింటికి 190. మధ్యలో గొయ్యి. రాత్రి భోజనానికి ముందు 30/70 కలిపిన ఇన్సులిన్ (వేగంగా పనిచేసేది 30 పాళ్లు, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు) వేసుకునేవాళ్లలో ఇది ఎక్కువ. అందులోని తెల్లటి భాగం, ఎన్‌పిహెచ్, వేసిన నాలుగు నుంచి పది గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. ఎనిమిదింటికి వేస్తే దాని బలమంతా నడిరాత్రి, వేకువకు బలం తగ్గుముఖం. ఇలాంటివాళ్లకు డోసు పెంచడం అన్నిటికన్నా ప్రమాదం. షుగర్ పడిపోయినందుకే శరీరం తిరగబడి పొద్దున్న పెంచుతుందని 1938లో సోమోగీ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది కానీ, అది అనుకున్నంత తరచుగా జరగదు. రాత్రి పడిపోయినవాళ్లకు చాలాసార్లు పొద్దున్న కూడా తక్కువే ఉంటుంది. మధ్యరాత్రి ఆకలితో లేచి రెండు అరటిపళ్లు తిని, ఆ మాట మరిచిపోయినవాళ్లకు మాత్రం 190 ఖాయం. ఈ గీతతో వైద్యుడి దగ్గరకు వెళితే డోసు 10 నుంచి 20 శాతం తగ్గించడమో, ఎన్‌పిహెచ్‌ను పడుకునే వేళకు జరపడమో, 24 గంటలు నిలకడగా పనిచేసే గ్లార్జిన్ లాంటిదానికి మార్చడమో ఆలోచిస్తారు.

మూడోది: పదకొండింటికి 230, అక్కణ్నుంచి నెమ్మదిగా దిగి పొద్దున్నకు 190. రాత్రి ఇన్సులిన్ తన పని తాను చేస్తోంది. తప్పు తొమ్మిదిన్నరకు పెట్టుకున్న అన్నం ముద్దది. ఏడున్నరకు భోజనం ముగించి మూడు రాత్రులు చూస్తే తేలిపోతుంది.

నాలుగోది: పడుకున్న దగ్గర్నుంచి తెల్లారేదాకా ఒకే వాలులో ఎక్కుతూ పోవడం. ఇన్సులిన్ చాలడం లేదు, లేదా లోపలికి వెళ్లడం లేదు. డోసు ముట్టుకునే ముందు పొట్ట తడిమి చూడండి. ఏళ్లుగా ఒకేచోట గుచ్చితే అక్కడ కొవ్వు గడ్డకట్టి మెత్తటి దిబ్బలా తగులుతుంది. అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చెయ్యదు. చోటు మార్చిన రోజున పాత డోసే ఎక్కువై షుగర్ పడిపోవచ్చు, కాబట్టి ఆ రాత్రి మరింత జాగ్రత్త. పెన్ను వాడేవాళ్లు సూది బిగించాక రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వచ్చిందో లేదో చూడాలి. గుచ్చాక పది లెక్కపెట్టేదాకా తీయకూడదు. పాలలా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చెయ్యాలి. సీసా వాడేవాళ్లకు ఇంకో ముఖ్యమైన మాట: మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ లోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే ఒంట్లోకి పోయేది రెండున్నర రెట్లు.

మే నెలలో ఇన్సులిన్ దాచే పద్ధతి కూడా చూడాలి. వాడుతున్న సీసాకు 30 డిగ్రీలు దాటకూడదు. రోహిణి కార్తెలో మన గదులు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ఫ్రిజ్ లేనివాళ్లు తడి ఇసుకలో మట్టికుండ పెట్టడం మంచి పద్ధతే. కానీ భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, కుండ అంతగా చల్లబడదు. లోపలి ఊళ్ల పొడి ఎండలోనే బాగా చల్లబడుతుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐసు గడ్డకట్టే అరకు ఆనించి పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడినా పనికిరాదు.

ఇప్పుడు సెన్సార్ లోపాలు. అన్నిటికన్నా పెద్దది నిద్రలో జరిగే మోసం. సెన్సార్ ఉన్న చేతి మీద పడుకుంటే అక్కడి నీరు పక్కకు నొక్కుకుపోయి, అంకె 15, 20 నిమిషాల్లో 120 నుంచి 55కు జారుతుంది. పక్కకు తిరగ్గానే మళ్లీ 120. నిజంగా షుగర్ పడితే గీత వాలుగా దిగి, వాలుగా ఎక్కుతుంది. ఇది నిట్టనిలువు గోడల గుంట. దాన్ని రెండో రకం గీత అనుకుని ఇన్సులిన్ తగ్గించేస్తే పరగడుపు షుగర్ ఇంకా పెరుగుతుంది. ఏ వైపు తిరిగి పడుకుంటారో చూసుకుని రెండో చేతికి పెట్టించుకోండి. అనుమానం వస్తే వేలు గుచ్చడమే.

రెండో లోపం ఎనిమిది గంటల హద్దు. సెన్సార్ దాచేది చివరి ఎనిమిది గంటలే. ఎనిమిదిన్నరకు స్కాన్ చేసి పడుకుని ఆరింటికి లేస్తే మొదటి గంటన్నర గీత పోతుంది. మధ్యలో బాత్రూంకు లేచినప్పుడు ఒక్కసారి ఫోను తాకించండి, చాలు.

మూడోది మన చెమట. వారం తిరక్కుండానే అంచులు లేస్తాయి. పెట్టే ముందు సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ రోజు ఒంటికి కొబ్బరినూనె వద్దు. అంచుల మీద టేపు వేసుకోవచ్చు, నడిమధ్య చిన్న రంధ్రాన్ని మాత్రం మూయకూడదు. స్నానానికి భయం లేదు. మీటరు లోతు నీళ్లలో అరగంట వరకు తట్టుకుంటుంది. అంతకు మించి సముద్రంలో దిగి పనిచేసేవాళ్లకు ఇది నిలవదు. విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా వేసుకుంటే అంకెలు ఉన్నదానికన్నా పెరిగి కనబడతాయి. ఎంఆర్‌ఐ, సీటీ, ఎక్స్‌రేలకు ముందు తీసెయ్యాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బుతో పాటు షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, ఎందుకంటే దాన్ని తొలగించే పనిలో కిడ్నీకీ పెద్ద వాటా ఉంది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ అంకె పెరిగేకొద్దీ నిన్నటిదాకా సరిపోయిన డోసే ఎక్కువవుతుంది. రక్తహీనత వల్ల మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బిఎ1సి) కూడా సరిగా రాదు. అందుకని రాత్రి గీత వీళ్లకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ విలువైనది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మాత్రం ఈ సెన్సార్ పనితీరు నిర్ధారించలేదు. వాళ్లు స్ట్రిప్పులనే నమ్ముకోవాలి.

వాడే క్రమం ఇలా పెట్టుకుంటే డబ్బు వృథా కాదు. మొదటి రాత్రి వదిలేయండి. తర్వాతి నాలుగు రాత్రులు డోసు, భోజనం వేళ ఏవీ మార్చొద్దు. కనీసం మూడు రాత్రులు ఒకే ఆకారం కనబడితేనే అది గీత, లేకపోతే ఒక్క రోజు ముచ్చట. ఆ గీత చూపించి వైద్యుడు చెప్పిన ఒక్క మార్పు చేసి మిగతా రోజులు చూడండి. రాత్రి ఎక్కడా పడిపోకుండా పరగడుపు 130 దాటుతుంటే, గ్లార్జిన్ వంటి ఇన్సులిన్‌ను సాధారణంగా మూడు రోజులకు రెండు యూనిట్ల చొప్పున పెంచుతారు. కిలో బరువుకు అర యూనిట్, అంటే 60 కిలోల మనిషికి 30 యూనిట్లు దాటాక కూడా పరగడుపు దిగకపోతే పెంచడం ఆపి కారణం వేరే వెతకాలి.

ధర సుమారు ఐదు వేలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలో అడగొచ్చు. మండలాల్లో ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి. పెట్టె మీద గడువు తేదీ, ఉష్ణోగ్రత హద్దు రెండూ చూడండి. ఏసీ లేని కొట్టులో మే నెలంతా ఉన్న పెట్టె వద్దు. ఏడాదికి ఒకటి రెండు సెన్సార్లు చాలు, నెలనెలా అక్కర్లేదు.

ఐదు వేలు పెట్టలేనివాళ్లకు ఇదే ప్రశ్నకు జవాబు స్ట్రిప్పులతోనూ దొరుకుతుంది. నాలుగు రాత్రులు, పదింటికి, మూడింటికి, ఆరింటికి: మొత్తం పన్నెండు స్ట్రిప్పులు, రెండు మూడు వందల ఖర్చు. గోడల గుంటలు, వాలులు కనబడవు గానీ మూడింటికి 58 ఉందో 140 ఉందో తెలుస్తుంది, డోసు విషయంలో సగం పైగా తేల్చేది ఆ అంకే. అలారం రెండు యాభైకి పెట్టుకుని, మంచం పక్కన మీటరుతో పాటు గ్లాసులో మూడు టీ స్పూన్ల పంచదార, చెంబుడు నీళ్లు ఉంచుకోండి. 70 కన్నా తక్కువ వస్తే ముందు ఆ పంచదార కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ గుచ్చి చూసి, ఆ తర్వాతే పుస్తకంలో అంకె రాయండి.