జీపీఎస్ వెస్టు: దూరం బాగానే చెబుతుంది, మలుపుల దగ్గరే తేలిపోతుంది

నేను అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు ఫిట్‌నెస్ కోచ్‌ని. ఆటగాళ్లు ఎంత దూరం, ఎంత వేగంగా పరిగెత్తారో ఉపగ్రహాల సాయంతో కొలిచి యాప్‌లో చూపించే పరికరమున్న బనియన్ లాంటిదే ఈ జీపీఎస్ వెస్టు. పోయిన సీజనంతా మా జట్టు ఈ వెస్టులతోనే ఆడింది. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి కోచ్‌ల కోసం రాస్తున్నాను.

పరికరం వీపు మీద, భుజం ఎముకల మధ్య ఉండే చిన్న జేబులో కూర్చుంటుంది. వెస్టు ఒంటికి పట్టినట్టు ఉండాలి. వదులైతే పరికరం ఊగుతుంది, ఆ ఊపునీ ఆట కిందే లెక్కేస్తుంది. వార్మప్‌కి ముందే ఆన్ చేసి ఆరుబయట పెట్టండి, ఉపగ్రహాల సిగ్నల్ అందడానికి కాస్త టైం పడుతుంది.

సెకనుకు 10 సార్లు రీడింగ్ తీసుకుంటుంది కాబట్టి నిలకడగా సాగే పరుగులో దూరం నమ్మదగినట్టే వస్తుంది. చిక్కంతా మలుపుల దగ్గరే. మా మిడ్‌ఫీల్డర్ బంతి మీదకు దూసుకెళ్లి, రెండడుగుల్లో ఆగి, గిర్రున తిరిగి మళ్లీ పరుగందుకుంటుంది. వీడియోలో చూస్తే ఆ కాస్త జాగాలో ఆమె తొడల మీద ఎంత భారం పడిందో తెలిసిపోతుంది. యాప్‌లో అదొక చిన్న వంపు, అంతే. దూరం తగ్గి, వేగం పెరిగి, దిశ మారేకొద్దీ జీపీఎస్‌లో తప్పు పెరగడం మామూలే. కానీ పెట్టె మీద ఆ మాట లేదు, ఉండాల్సింది.

నాకు అసలు కోపం తెప్పించింది వేగం హద్దులు. గంటకు 19.8 కిలోమీటర్లు దాటితే హైస్పీడ్, 25.2 దాటితే స్ప్రింట్ అని ముందే పెట్టేశారు. అవి ప్రొఫెషనల్ మగ ఆటగాళ్ల పరిశోధనల్లో ఎక్కువగా వాడే అంకెలు. మా సెంటర్‌బ్యాక్ ప్రాణం పెట్టి పరిగెత్తినా 25 అందుకోదు. మ్యాచంతా స్ట్రైకర్ల వెంటపడి కాపు కాసిన పిల్లకు యాప్ ఇచ్చిన స్ప్రింట్‌ల లెక్క: సున్నా. ఆ స్క్రీన్ చూసి ఆమె ముఖం వాడిపోయింది. హద్దులు మార్చే వీలుంది, కానీ సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచారు. అందరికీ 40 మీటర్ల పరుగు పెట్టి, ఎవరి గరిష్ఠ వేగాన్ని బట్టి వాళ్లకు హద్దు పెట్టుకున్నాక గానీ రిపోర్టులు పనికిరాలేదు.

చివర్లో వచ్చే 'లోడ్ స్కోరు'ను, అంటే ఒంటి మీద మొత్తం ఎంత భారం పడిందో చెప్పే అంకెను, నేను పట్టించుకోవడం మానేశాను. ఏ లెక్కన వస్తుందో కంపెనీ చెప్పదు. దానికన్నా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ పద్ధతి మేలు: ప్రాక్టీసు అయ్యాక ఓ అరగంటకు, ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు అడిగి, నిమిషాలతో గుణించడం. 90 నిమిషాలకు 7 అంటే 630. పైసా ఖర్చు లేదు, పైగా ఆ వంకన ప్రతి పిల్లతోనూ ఓ మాట మాట్లాడతాం.

గాయం నుంచి కోలుకుని వస్తున్న ఆటగాళ్లకు పరుగు కొద్దికొద్దిగా పెంచాల్సి వచ్చినప్పుడు మాత్రం దీనికి సాటి లేదు. ఆ పనికైతే ధైర్యంగా కొనండి. పరికరాలకు నంబర్లు వేసి ఎవరిది వాళ్లకే ఇవ్వండి, ఒకదానికీ ఇంకోదానికీ రీడింగ్ కాస్త తేడా వస్తుంది.