గుండ్రటి మ్యాక్ ప్రోనా, పాత టవరా, మ్యాక్ స్టూడియోనా: ఏది మేలు?

2013 జూన్‌లో యాపిల్ కొత్త మ్యాక్ ప్రోను బయటపెట్టగానే వర్క్‌స్టేషన్లంటే (వీడియో, ఆడియో లాంటి బరువైన పనులకు వాడే కంప్యూటర్లంటే) మక్కువ ఉన్నవాళ్లు రెండుగా చీలిపోయారు. అది నున్నటి నల్ల స్థూపం. ఎత్తు 25.1 సెంటీమీటర్లు, వ్యాసం 16.7, బరువు 5 కిలోలు. అంతకుముందున్న మ్యాక్ ప్రో, అంటే అల్యూమినియం టవర్, 51 సెంటీమీటర్ల ఎత్తు, 18 కిలోల పైచిలుకు బరువు. లెక్కేస్తే టవర్ లోపలి చోటు 50 లీటర్ల దాకా ఉంటుంది, స్థూపానిది ఐదున్నర. అంత చిన్నదాంట్లో 12 కోర్ల ఇంటెల్ జియాన్ ప్రాసెసర్‌నూ రెండు గ్రాఫిక్స్ కార్డుల్నీ ఎలా ఇమిడ్చారా అని ఒక వర్గం ముక్కున వేలేసుకుంది. హార్డ్ డిస్కులు ఎక్కడ బిగించాలి, రేపు గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటే ఎలా అని రెండో వర్గం నిలదీసింది. 'చెత్తబుట్ట' అన్న పేరు కూడా అప్పుడే అంటుకుంది.

ఇప్పుడు ఆ రెండు యంత్రాలూ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. చిన్న సైజు కావాలనుకునేవాళ్లకు కొత్తగా యాపిల్ డెస్క్‌టాప్ మ్యాక్ స్టూడియో కూడా ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది: స్థూపాన్ని దెబ్బతీసింది దాని సైజు కాదు. రేపటి సాఫ్ట్‌వేర్ ఇలాగే ఉంటుందని ముందే ఒక అంచనా వేసుకుని, మార్చడానికి వీల్లేకుండా దాన్ని లోహంలో బిగించేయడమే దెబ్బతీసింది.

ముందు ఆ డిజైన్ గొప్పతనం చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా గొప్పదే. పైతొడుగు తీస్తే మధ్యలో నిలువుగా ఒక త్రికోణపు అల్యూమినియం గొట్టం కనిపిస్తుంది. దాని ఒక ముఖానికి ప్రాసెసర్ బోర్డు, మిగతా రెండు ముఖాలకు ఒక్కో ఫైర్‌ప్రో గ్రాఫిక్స్ బోర్డు ఆనుకుని ఉంటాయి. మూడింటి వేడీ ఆ ఒక్క గొట్టంలోకే వెళ్తుంది. మొత్తానికి ఒకటే ఫ్యాను. అడుగు నుంచి గాలి లాగి పైనుంచి వదులుతుంది. మామూలు టవర్‌లో ప్రతి భాగానికీ వేరే హీట్‌సింక్, వేరే ఫ్యాను ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటే దాని హీట్‌సింక్ కూడా ఖాళీయే. ఇక్కడ అలా కాదు, ప్రాసెసర్ ఒక్కటే పనిచేస్తుంటే గొట్టం మొత్తం దానికే ఉపయోగపడుతుంది. ఫ్యాను పెద్దది కాబట్టి నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. పని లేనప్పుడు శబ్దం 12 డెసిబెల్స్ అని యాపిల్ ప్రకటించింది. వాయిస్ రికార్డింగ్, మిక్సింగ్ చేసే గదుల్లో ఈ యంత్రాన్ని ఇంకా వదులుకోలేని కారణం ఇదే.

బలహీనత కూడా అదే గొట్టంలో ఉంది. మూడు ముఖాల నుంచీ వేడి ఇంచుమించు సమంగా వస్తుందన్న లెక్కతో దాన్ని కట్టారు. ఒక ముఖానికి 250 వాట్ల కార్డు పెడదామంటే కుదరదు. పవర్ సప్లై మొత్తమే 450 వాట్లు. మధ్యస్థంగా వేడెక్కే రెండు కార్డులు కలిసి ఒక పెద్ద కార్డు పని చేస్తాయని యాపిల్ అనుకుంది. మ్యాక్ ఓఎస్‌లో ఆ రెండో కార్డు తనంతట తాను పని అందుకోదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఓపెన్‌సీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) ద్వారా దానికి ప్రత్యేకంగా పని అప్పజెప్పాలి. యాపిల్ వీడియో ఎడిటర్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ 10.1 ఆ పని చేసింది, చాలా ప్రోగ్రాములు చేయలేదు. ఈలోగా లోకమంతా ఒకే పెద్ద గ్రాఫిక్స్ కార్డు వైపు, ఎన్విడియా కార్డుల మీదే నడిచే 'క్యుడా' (CUDA) పద్ధతి వైపు మళ్లింది. 2017 ఏప్రిల్‌లో యాపిల్ విలేకరులను పిలిచి మాట్లాడినప్పుడు, వేడి విషయంలో తమ డిజైన్‌తో తామే ఒక మూలకు చిక్కుకున్నామని యాపిల్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరిగీ ఒప్పుకున్నాడు. 2013లో వచ్చిన ఆ డిజైన్‌లో 2019 డిసెంబరులో అమ్మకం ఆపేదాకా కొత్త గ్రాఫిక్స్ చిప్ ఒక్కటీ రాలేదు.

డేటా దారుల విషయం అంతగా చర్చకు రాదు గానీ రోజూ పనిలో తగిలేది అదే. ఆ జియాన్‌కు 40 పీసీఐఈ 3.0 లేన్లు (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య డేటా వెళ్లే దారులు) ఉంటాయి. రెండు గ్రాఫిక్స్ బోర్డులు తలా 16 తీసుకుంటే మిగిలేవి 8. ఆ ఎనిమిదినీ ఒక స్విచ్ చిప్ థండర్‌బోల్ట్ 2 (మానిటర్లు, డ్రైవ్‌లు తగిలించే వేగవంతమైన పోర్టు) కంట్రోలర్లు మూడింటికి పంచుతుంది. వెనక ఆరు థండర్‌బోల్ట్ పోర్టులు కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవి మూడు బస్సులే (ఒక్కో బస్సు అంటే పోర్టులు పంచుకునే ఒక్కో డేటా దారి). హెచ్‌డీఎంఐతో పాటు అన్నింటికన్నా కింద ఉన్న రెండు పోర్టులు ఒక బస్సు. పైన నాలుగింటిలో 1, 3 ఒకటి, 2, 4 ఇంకొకటి. 4కే మానిటర్‌నూ పలు డిస్కులుండే రెయిడ్ పెట్టెనూ ఒకే బస్సుకు తగిలిస్తే కాపీ వేగం పడిపోతుంది, పెట్టె పాడైందేమోనని అనుమానం వస్తుంది. పోర్టు మారిస్తే చాలు. నాలుగు యూఎస్‌బీ 3.0 పోర్టులదీ ఇదే కథ. నాలుగింటికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క పీసీఐఈ 2.0 లేన్, కాబట్టి రెండు ఎస్‌ఎస్‌డీల నుంచి ఒకేసారి కాపీ చేస్తే ఒక్కోదానికి సగం వేగమే అందుతుంది.

మరి టవర్? 2010, 2012 మోడళ్లలో నాలుగు పీసీఐఈ 2.0 స్లాట్లు (రెండు 16 లేన్లవి, రెండు 4 లేన్లవి), నాలుగు డ్రైవ్ బేలు, రెండు ఆప్టికల్ బేలు, 980 వాట్ల పవర్ సప్లై ఉంటాయి. పుట్టుకతో ఉన్నది యూఎస్‌బీ 2.0 మాత్రమే, 3.0 కార్డు ఒకటి పెడితే ఆ లోటు తీరుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు స్లాట్ నుంచి 75 వాట్లు, మదర్‌బోర్డు మీది రెండు చిన్న 6 పిన్ కనెక్టర్ల నుంచి చెరో 75, మొత్తం 225 వాట్లు అందుతాయి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 కార్డు ఆ హద్దులో హాయిగా నడుస్తుంది. రెండు 6 పిన్లను ఒక 8 పిన్‌గా కలిపే కేబుల్ కావాలి. మ్యాక్ ఓఎస్ మొజావేకు వెళ్లాలంటే యాపిల్ గ్రాఫిక్స్ వ్యవస్థ 'మెటల్'ను నడిపే ఇలాంటి కార్డు ఉండాలి, డిస్కును లాక్ చేసే ఫైల్‌వాల్ట్ ఆపేయాలి. మ్యాక్ ఫర్మ్‌వేర్ లేని మామూలు కార్డుతో బూట్ స్క్రీన్ రాదని గుర్తుంచుకోవాలి. స్క్రీన్ కాసేపు నల్లగా ఉండి నేరుగా లాగిన్ కనబడుతుంది, కార్డు పోయిందని కంగారు పడనక్కర్లేదు. మొజావేతో వచ్చిన ఫర్మ్‌వేర్ వేశాక ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ నుంచి కూడా బూట్ అవుతుంది.

టవర్‌లో ప్రాసెసర్ మార్పు కూడా సుళువే. ఇంటెల్ జియాన్ ఎక్స్5690 (6 కోర్లు, 3.46 గిగాహెర్ట్జ్) వేసుకోవచ్చు, హీట్‌సింక్ విప్పడానికి పొడుగాటి 3 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. ఒక ప్రాసెసర్ ఉన్న మోడల్‌లో ర్యామ్ మూడు స్లాట్లలోనే పెడితే మేలు, ఎందుకంటే 3, 4 స్లాట్లు ఒకే ఛానల్‌ను పంచుకుంటాయి. రెండు ప్రాసెసర్ల టవర్ కొనేవాళ్లు ఒకటి తప్పక చూడాలి. ప్రాసెసర్లను పీసీఐఈ స్లాట్లతో కలిపే నార్త్‌బ్రిడ్జ్ చిప్ మీది హీట్‌సింక్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పిన్నులు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి విరిగిపోతాయి. హీట్‌సింక్ వదులై చిప్ కాలిపోయేంత వేడెక్కుతుంది. ప్రాసెసర్లుండే ట్రే బయటికి లాగి, పిన్నులు తీసేసి, కొత్త పేస్టు వేసి చిన్న మెటల్ స్క్రూలతో బిగిస్తే ఆ బెడద శాశ్వతంగా పోతుంది.

ఇంత వెసులుబాటు ఉన్నా టవర్‌కు తీరని లోటు ఒకటుంది: దాని వెస్ట్‌మియర్ తరం ప్రాసెసర్లలో ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేయించే ఆదేశాలు) లేవు. మెషిన్ లెర్నింగ్‌కు వాడే టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలూ, కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్నీ ఏవీఎక్స్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. ఎంత మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఫలితం ఉండదు. స్థూపంలోని జియాన్ ఈ5 వీ2లో ఏవీఎక్స్ ఉంది, ఏవీఎక్స్2 లేదు. అధికారికంగా టవర్ మొజావే దగ్గర, స్థూపం మాంటెరీ దగ్గర ఆగిపోయాయి. రెండింటికీ భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయాయి. పాత మ్యాక్‌లలో కొత్త మ్యాక్ ఓఎస్ నడిపించే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అనే అనధికారిక సాఫ్ట్‌వేర్‌తో ముందుకు నెట్టొచ్చు గానీ బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రాన్ని దాని మీద నడపమని సలహా ఇవ్వలేం.

స్థూపాన్ని విప్పడమే రాదన్న అపోహ చాలామందికి ఉంది. అది తప్పు, పరికరాలు విప్పి చూసి మార్కులిచ్చే ఐఫిక్సిట్ సంస్థ దానికి మరమ్మతు సౌలభ్యంలో పదికి ఎనిమిది ఇచ్చింది. ఆఫ్ చేసి, కేబుళ్లన్నీ తీసి, చల్లారనిచ్చి, వెనక ఉన్న లాక్ జరిపితే పైతొడుగు పైకి లేస్తుంది. పోర్టుల పలకకు రెండు వైపులా రెండేసి ర్యామ్ స్లాట్లు ఉంటాయి. మీట నొక్కితే ఆ వరుస బయటికి వాలుతుంది. తప్పులు సరిదిద్దుకునే ఈసీసీ రకం డీడీఆర్3 1866 మెగాహెర్ట్జ్ ర్యామ్ కావాలి, 16 జీబీవి నాలుగు పెడితే 64 జీబీ. 32 జీబీ మాడ్యూళ్లతో 128 దాకా వెళ్లొచ్చు గానీ వేగం తగ్గుతుంది. రిజిస్టర్డ్ రకాన్నీ అన్‌బఫర్డ్ రకాన్నీ కలిపితే యంత్రం లేవదు. ఎస్‌ఎస్‌డీ ఒక గ్రాఫిక్స్ బోర్డు వీపు మీద ఒకే స్క్రూతో ఉంటుంది. దానికి యాపిల్ సొంత కనెక్టర్ ఉన్నా, చిన్న అడాప్టర్‌తో మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టుకోవచ్చు. అయితే ముందే, అసలు డ్రైవ్ ఉండగానే, మ్యాక్ ఓఎస్ హై సియెరా లేదా ఆ పైదానికి అప్‌డేట్ చేసి ఫర్మ్‌వేర్ కొత్తది చేసుకోవాలి. ఈ వరుస తప్పితే కొత్త డ్రైవ్ కనబడదు. ప్రాసెసర్ కూడా సాకెట్‌లోనే ఉంది. నాలుగు కోర్ల ఈ5-1620 వీ2 తీసి ఎనిమిది కోర్ల ఈ5-1680 వీ2 వేసుకున్నా రెండూ 130 వాట్లే కాబట్టి గొట్టానికి అదనపు భారం లేదు. దానికి మాత్రం యంత్రం దాదాపు పూర్తిగా విప్పాలి.

మార్చలేనివి గ్రాఫిక్స్ బోర్డులే. వాటి ఆకారం, కనెక్టర్ ఈ యంత్రానికే ప్రత్యేకం. పోతే అదే బోర్డు వెతుక్కోవాలి. పైగా పోయేవి అవే. 2015 ఫిబ్రవరి 8 నుంచి ఏప్రిల్ 11 మధ్య తయారైన, డీ500, డీ700 రకం గ్రాఫిక్స్ బోర్డులున్న యంత్రాల్లో కొన్నింటికి తెర చెదరడం, ఆగిపోవడం, తిరిగి స్టార్ట్ అవడం వంటి లోపాలున్నాయని యాపిల్ 2016లో ఉచిత మరమ్మతు పథకం పెట్టింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో డీ300 ఉన్నది తీసుకోవడమే నయం. దాని చిప్ చిన్నది, వేడి తక్కువ. డీ700 కావాలనుకుంటే అమ్మేవాళ్ల ముందే అరగంట పాటు రెండు కార్డుల మీదా పూర్తి లోడ్ పెట్టి తెర మీద మచ్చలు, గీతలు వస్తున్నాయేమో చూడాలి.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఎడిటింగ్ గదిలో ఏసీ ఆపేసి రాత్రంతా రెండర్ పెట్టి వెళ్లేవాళ్లు యాపిల్ ఇచ్చిన 35 డిగ్రీల హద్దును పట్టించుకోవాలి. మన మేలో గది వేడి దాన్ని సులువుగా దాటేస్తుంది. స్థూపం గాలి పీల్చేది అడుగు నుంచి, కాబట్టి నేల మీద పెడితే దుమ్మంతా గొట్టంలోకి పోతుంది. బల్ల మీదే ఉంచి, అడుగు రంధ్రాలను నెలకోసారి బ్రష్‌తో దులపాలి. ఫ్యాను మీద పుస్తకమో హార్డ్ డిస్కో పెట్టడం అసలు కుదరదు.

ఎవరికి ఏది? నాలుగైదు పెద్ద హార్డ్ డిస్కులు లోపలే ఉండాలి, పాత ఆడియో లేదా క్యాప్చర్ కార్డు నడవాలి అనుకునేవాళ్లకు టవర్. ఇప్పటికే కొనుక్కున్న పాత సాఫ్ట్‌వేర్‌తో పని జరిగిపోతే చాలనుకునేవాళ్లకు అది ఇంకా కొన్నేళ్లు సేవ చేస్తుంది. నిశ్శబ్దం కావాలి, గ్రాఫిక్స్ బరువు తక్కువ, పని ఎక్కువగా ఆడియో లేదా 1080 (ఫుల్ హెచ్‌డీ) వీడియో ఎడిటింగ్ అయితే స్థూపం. స్టోరేజి మాత్రం బయటే ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. థండర్‌బోల్ట్ పెట్టె, దాని అడాప్టర్, కేబుళ్లు కలిపితే బల్ల మీద ఆదా అయిన చోటు మళ్లీ నిండుతుంది. స్థూపాన్ని ర్యాక్‌లో బిగించి పక్కన పీసీఐఈ స్లాట్లు ఇచ్చే 4యూ పెట్టెను సోనెట్ సంస్థ అమ్మింది. అది పాత టవర్‌తో పోటీపడేంత చోటు ఆక్రమిస్తుంది. రెండో వర్గం 2013లో అడిగిన ప్రశ్నకు అంతకంటే సూటైన జవాబు లేదు. బయటి గ్రాఫిక్స్ పెట్టెతో నెట్టుకొద్దామంటే యాపిల్ దానికి థండర్‌బోల్ట్ 3 కావాలంటుంది, స్థూపంలో ఉన్నది 2.

కొత్తగా డబ్బు పెట్టగలిగితే మాత్రం ఈ రెండూ వద్దు. 2022లో మొదలైన మ్యాక్ స్టూడియో 19.7 సెంటీమీటర్ల చదరం, 9.5 ఎత్తు, అంటే 3.7 లీటర్లు. స్థూపంకన్నా చిన్నది. అయినా స్థూపానికి వచ్చిన చిక్కు దీనికి రాలేదు: ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీ అన్నీ ఒకే ప్యాకేజీలో ఉన్నాయి, చల్లబరచాల్సింది ఒకే చోట. మొదటి తరంలో మ్యాక్స్ మోడల్ 2.7 కిలోలైతే అల్ట్రా 3.6 కిలోలు, ఆ తేడా రాగి హీట్‌సింక్ వల్ల వచ్చింది. రెండు కార్డులకు పని పంచే తలనొప్పి లేదు, గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ లేదు. 2025 నాటి ఎం3 అల్ట్రా మోడల్‌ను 512 జీబీ మెమరీ దాకా అమ్మకానికి పెట్టారు. పెద్ద భాషా నమూనాలను సొంత యంత్రంలో నడిపేవాళ్లకు ఇంత చిన్న పెట్టెలో దానికి సాటి దొరకడం కష్టం.

మూల్యం కూడా పెద్దదే. ర్యామ్ ఎన్నటికీ పెంచలేం. ఎస్‌ఎస్‌డీ మాడ్యూల్ ఊడుతుంది గానీ దాని కంట్రోలర్ ప్రధాన చిప్‌లో ఉంది కాబట్టి మామూలు ఎం.2 డ్రైవ్ అందులో పనిచేయదు. కాబట్టి కొనేటప్పుడు డబ్బు పెట్టాల్సింది మెమరీ మీద. స్టోరేజిని థండర్‌బోల్ట్ డ్రైవ్‌తో తర్వాత పెంచుకోవచ్చు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 64 జీబీ ర్యామ్ ఉన్నది ఒకపక్క, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ, 36 జీబీ ర్యామ్ ఉన్నది మరోపక్క ఒకే ధరకు వస్తుంటే మొదటిదే తీసుకోవాలి.