రాళ్ళ దారికి జీరో డ్రాప్ షూ: ఆల్ట్రా లోన్ పీక్ ఎవరికి నప్పుతుంది

కొండ దారుల్లో నడవడానికి జీరో డ్రాప్ షూ ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఆల్ట్రా లోన్ పీక్ పేరే చెబుతాను. ఆ వెంటనే ఒక షరతు కూడా పెడతాను: కొన్న వారంలోనే దానితో పెద్ద కొండ ఎక్కవద్దు. ఈ షూలో మెచ్చుకోవలసిన గుణాలు రెండు ఉన్నాయి. మడమా ముందు పాదమూ ఒకే ఎత్తులో ఉండటం ఒకటి, వేళ్ళ దగ్గర పాదం ఆకారానికి తగిన వెడల్పు ఉండటం మరొకటి. ఎక్కువ పేరు వచ్చింది మొదటి గుణానికే. అరిజోనాలో ఫీనిక్స్ చుట్టూ ఉన్న ఎండు కొండల్లోనూ, గ్రాండ్ కాన్యన్ లోపలికి దిగే దారుల్లోనూ ఈ రకం షూలతో నడిచిన మీదట, గరుకు నేల మీద అందరికీ మేలు చేసేది రెండవ గుణమేననీ, మొదటిది పిక్కలు సిద్ధంగా ఉన్నవారికే మేలు చేస్తుందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

షూ లోపల మడమ ఉండే ఎత్తుకూ ముందు పాదం ఉండే ఎత్తుకూ మధ్య తేడానే డ్రాప్ అంటారు. మామూలు రన్నింగ్ షూలలో ఇది 8 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది; బురద దారులకు పేరుపడ్డ సాలమన్ స్పీడ్‌క్రాస్‌లో 10 మిల్లీమీటర్లు. మడమ నుంచి బొటనవేలి మొదలు వరకు సుమారు 18 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ 10 మిల్లీమీటర్ల ఎత్తు పాదాన్ని దాదాపు 3 డిగ్రీలు ముందుకు వంచుతుంది. చదును రోడ్డు మీద ఈ 3 డిగ్రీలను ఎవరూ పట్టించుకోరు. దారే కిందికి వాలి ఉన్నచోట మాత్రం షూ వంపు కూడా దానికి తోడై పాదం ముందుకు జారుతుంది, వేళ్ళు షూ కొసకు తగులుతాయి, గంటలకొద్దీ సాగే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. జీరో డ్రాప్ షూలో ఈ అదనపు వంపు ఉండదు కాబట్టి దిగేటప్పుడు సుఖం. ఎక్కేటప్పుడు లెక్క తిరగబడుతుంది: మడమ కింద ఎత్తు లేనందువల్ల చీలమండ మరింత వంగాలి, పిక్క కండరాలూ మడమ వెనుక ఉండే అకిలిస్ టెండనూ మరింత సాగాలి. ఈ షూలను పొగిడేవారు దిగుడు గురించి చెప్పినంతగా ఎక్కుడు గురించి చెప్పరు. కొనేవారు రెండూ తెలుసుకుని కొనాలి.

జీరో డ్రాప్ అంటే అడుగున మెత్తదనం ఉండదనుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. మెత్తదనం సోల్ మందాన్ని బట్టి ఉంటుంది, డ్రాప్‌ను బట్టి కాదు. లోన్ పీక్‌లో పాదానికీ నేలకూ మధ్య దాదాపు 25 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆల్ట్రా సంస్థవారిదే మరో షూ ఒలింపస్‌లో 33 మిల్లీమీటర్లు. మెరెల్ ట్రెయిల్ గ్లవ్‌లో సుమారు 14 మాత్రమే. మూడూ జీరో డ్రాప్ షూలే అయినా మూడింటిలో నడక మూడు రకాలుగా ఉంటుంది. అందుకని పెట్టె మీద జీరో అన్న మాట ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు.

ఆల్ట్రా సంస్థ 2009లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో మొదలైంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన గోల్డెన్ హార్పర్ ఓరెమ్ పట్టణంలో తన కుటుంబం నడిపే రన్నింగ్ షూల దుకాణంలో పనిచేస్తూ, మార్కెట్లో దొరికే షూలను టోస్టర్ ఓవెన్‌లో వేడిచేసి, జిగురు కరిగించి, సోల్ ఊడదీసి, దాని స్థానంలో అంతటా ఒకే మందం ఉన్న ఫోమ్ అతికించి చూశాడు. లోన్ పీక్ అన్న పేరు అక్కడి వాసాచ్ పర్వతాల్లోని ఒక శిఖరానిది. ఈ షూ 2011 నుంచి ఒక్కో వెర్షన్‌గా మారుతూ వస్తోంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోని పర్వతాల గుండా దాదాపు 4,270 కిలోమీటర్ల పొడవున్న పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ను ఆసాంతం నడిచేవారిలో దీనికి మంచి ఆదరణ ఉంది. వాళ్ళు నెలల తరబడి బరువు మోస్తూ నడిచేవారు కాబట్టి వారి ఎంపికకు నేను విలువ ఇస్తాను. వారిలో చాలామంది ఆ దారి పూర్తయ్యేలోగా నాలుగైదు జతలు మారుస్తారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక వెడల్పు సంగతి. చాలా బ్రాండ్ల షూలు ముందువైపు కొసదేలి ఉంటాయి, మనిషి పాదం మాత్రం వేళ్ళ దగ్గరే అన్నిటికంటే వెడల్పుగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి హవాయి చెప్పులతోనో ఉత్త కాళ్ళతోనో తిరిగి పెరిగిన మనలాంటివారి వేళ్ళు మరింత విచ్చుకుని ఉంటాయి. అలాంటి పాదాన్ని ఇరుకు షూలో పెట్టి రాళ్ళ మీద నడిస్తే చిటికెనవేలు పక్కన ఒరుసుకుని బొబ్బ లేస్తుంది, వేళ్ళ సందుల్లో చెమట చేరి చర్మం చిట్లుతుంది. లోన్ పీక్ టో బాక్స్‌లో, అంటే వేళ్ళు ఉండే ముందు భాగంలో, ఐదు వేళ్ళూ దేనికది కదులుతాయి. ఇది సౌఖ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కదిలే రాయి మీద అడుగు పడినప్పుడు బొటనవేలు నేలను అదిమి శరీరాన్ని నిలబెడుతుంది, చిటికెనవేలు పక్కకు విచ్చుకుని ఒరగకుండా కాస్తుంది. వేళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే ఈ రెండు పనులూ జరగవు. ఫీనిక్స్ దగ్గరి సూపర్‌స్టిషన్ పర్వతాల్లో పెరాల్టా లోయ గుండా ఫ్రీమాంట్ సాడిల్‌కు ఎక్కే దారిలో గులకరాళ్ళూ మెట్లలాంటి బండలూ కలగలిసి ఉంటాయి. అలాంటిచోట వేళ్ళకు దొరికే ఈ స్వేచ్ఛ ప్రతి అడుగులోనూ తెలుస్తుంది.

వెడల్పుకు ఒక ప్రతికూలత ఉంది. దారి ఒక పక్కకు ఒరిగి, కొండ వాలుకు అడ్డంగా సాగేచోట పాదం షూ లోపల పక్కకు జరుగుతుంది. లేసులు పైనున్న చివరి కన్నాల్లోంచి ఉచ్చులా తిప్పి మడమను బిగించి కడితే ఈ జరగడం చాలావరకు తగ్గుతుంది, అయినా పూర్తిగా పోదు. పాదం సన్నగా ఉన్నవారు లోన్ పీక్‌లో ఈ ఇబ్బంది పడతారు. వారికి ఈ షూ నేను సూచించను.

దిగుడులో ఈ షూ ఎంత బాగుంటుందో చెప్పడానికి గ్రాండ్ కాన్యన్‌లోని సౌత్ కైబాబ్ దారి మంచి ఉదాహరణ. అంచు నుంచి కొలరాడో నది వరకు సుమారు 11 కిలోమీటర్లలో 1,400 మీటర్లకు పైగా దిగాలి. కంచరగాడిదలు నడిచే దారి కావడంతో మట్టి కొట్టుకుపోకుండా అడుగడుగునా దుంగలు అడ్డంగా పాతి ఉంటాయి. అంత దిగుడులోనూ లోన్ పీక్‌లో నా వేళ్ళు ముందుకు తన్నుకోలేదు, గోళ్ళకు నొప్పి లేదు. పైకి వచ్చే దారి వేరే కథ. బ్రైట్ ఏంజెల్ అనే మరో దారి మీదుగా అంచుకు ఎక్కుతున్నప్పుడు పిక్కలు బిగుసుకుపోవడం జీరో డ్రాప్‌కు అలవాటుపడిన తర్వాత కూడా నాకు స్పష్టంగా తెలుస్తుంది. అలవాటు లేనివారు ఇలాంటి దారికి ఈ షూలతో వెళ్ళడం ప్రమాదం, ఎందుకంటే లోయ అడుగున పిక్క పట్టేసినా పైకి నడిచి రావలసిందే.

పట్టు విషయంలో నేలను బట్టి తీర్పు మారుతుంది. పొడి బండ, కంకర, ఇసుక కలిసిన మట్టి మీద లోన్ పీక్ రబ్బరు నమ్మకంగా నిలుస్తుంది; అరిజోనాకు అది చాలు. తడిసిన నున్నటి బండ మీద, ముఖ్యంగా వాగులు దాటేచోట, వైబ్రమ్ అనే సోల్ తయారీ సంస్థవారి మెగాగ్రిప్ రబ్బరు ఇచ్చినంత ధైర్యం ఆల్ట్రా సొంత రబ్బరు ఇవ్వదన్నది నా అభిప్రాయం. సియాటిల్ వైపు వాన కొండల్లో తిరిగేవారూ, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు తలకోన జలపాతం దగ్గరి పాచి రాళ్ళ మీదో వర్షాకాలపు నల్లమల దారుల్లోనో నడవాలనుకునేవారూ మెగాగ్రిప్ సోల్‌తో వచ్చే లోన్ పీక్ 9 ప్లస్‌నో ఒలింపస్‌నో చూడటం మంచిది. సోల్ కింది పళ్ళు పొడి నేలకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల లోతు ఉంటే సరిపోతాయి. మెత్తటి బురదలో అంతకంటే లోతైనవి కావాలి, దూరంగా కూడా ఉండాలి, లేకపోతే బురద సందుల్లో ఇరుక్కుపోయి సోల్ నున్నగా తయారవుతుంది.

మొనదేలిన రాళ్ళ నుంచి అరికాలికి రక్షణ కోసం లోన్ పీక్ వెర్షన్లు చాలావాటిలో సోల్ పొరల మధ్య స్టోన్‌గార్డ్ అనే పలుచటి పలక పెట్టారు. కొనబోయే వెర్షన్‌లో అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. 25 మిల్లీమీటర్ల మందంలో రాయి తగిలినట్టు తెలుస్తుంది గానీ నొప్పి పెట్టదు, గరుకు నేలకు నాకు నచ్చే కొలత ఇదే. ఒలింపస్ మందం ఎక్కువ కాబట్టి కాళ్ళు తక్కువ అలసిపోతాయి, కానీ పాదం నేలకు ఎత్తున ఉన్నకొద్దీ రాయి ఒరిగినప్పుడు చీలమండ మడతపడే అవకాశం పెరుగుతుంది. ట్రెయిల్ గ్లవ్ ఇందుకు పూర్తి భిన్నం. నేల ప్రతి మలుపూ తెలుస్తుంది, ప్రతి రాయీ తెలుస్తుంది. ఏళ్ళ తరబడి పలుచటి షూలలో నడిచినవారికి అది ఆనందం, మిగిలినవారికి గంట లోపే శిక్ష. ఎడారిలో ఇంకో సంగతి కూడా ఉంది. చోయా అనే జాతి ముళ్ళమొక్క తునకలు దారిలో రాలి ఉంటాయి, వాటి ముళ్ళు షూ పైభాగపు వల గుడ్డలోంచి సులువుగా దిగుతాయి. లోన్ పీక్ మడమ వెనుక గెయిటర్ (షూ పైఅంచునూ చీలమండనూ కప్పే గుడ్డ తొడుగు) అతికించుకునే పట్టీ ఉంటుంది. ఇసుకనూ చిన్న రాళ్ళనూ ఆపడానికి గెయిటర్ బాగా పనికివస్తుంది, ముళ్ళకు మాత్రం కళ్ళు తెరిచి నడవడమే మార్గం.

ఒక్కసారిగా జీరోకు దిగడం ఇష్టం లేనివారికి మధ్య మార్గం ఉంది. టోపో అథ్లెటిక్ వారి టెర్రావెంచర్‌లో డ్రాప్ 3 మిల్లీమీటర్లు, అల్ట్రావెంచర్‌లో 5. రెండింటిలోనూ వేళ్ళకు చోటు ఉంటుంది, మడమ దగ్గర పట్టు లోన్ పీక్ కంటే బిగువుగా ఉంటుంది. జీరో డ్రాప్‌తోనే పేరు తెచ్చుకున్న ఆల్ట్రా కూడా 2024లో 4 మిల్లీమీటర్ల డ్రాప్‌తో కొన్ని షూలను విడుదల చేసింది. జీరో అందరికీ నప్పదని అది పేరు తెచ్చిన సంస్థే ఒప్పుకున్నట్టు నేను దీన్ని చూస్తాను. వెడల్పు కోసం వచ్చి పిక్కల నొప్పితో వెనక్కి వెళ్ళేవారు ఈ 3, 5 మిల్లీమీటర్ల షూలతో మొదలుపెడితే చాలా సంతోషిస్తారు.

అలవాటు చేసుకోవడంలో తొందర పనికిరాదు. మొదటి రెండు వారాలు ఇంట్లోనూ, వీధిలో చిన్న నడకల్లోనూ వాడండి. తర్వాత పెద్దగా ఎక్కుడు లేని దారిలో గంటసేపు నడవండి, మిగతా రోజుల్లో పాత షూలే వేసుకోండి. మెట్టు అంచున నిలబడి మడమలను నెమ్మదిగా పైకెత్తి కిందికి దించే వ్యాయామం పిక్కలకూ టెండన్‌కూ బలమిస్తుంది. పిక్కల్లో సలుపు సహజం, మర్నాటికి తగ్గుతుంది. మడమ వెనుక పొద్దున్నే బిగుసుకుపోయి నొప్పి పెడితే మాత్రం ఆపాలి. అకిలిస్ టెండన్ నొప్పి, అరికాలి నొప్పి, బొటనవేలి కీలు బిగుసుకుపోవడం లాంటివి ముందే ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ షూ కొనకూడదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారి విషయంలో నేను మరింత గట్టిగా చెబుతాను. బొబ్బ లేచిన సంగతి కూడా తెలియని పాదానికి రాళ్ళ దారిలో ప్రయోగాలు వద్దు. మన కుటుంబాల్లో ఈ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలుసు. అమెరికా చూడటానికి వచ్చిన తల్లిదండ్రులను కొండకు తీసుకువెళ్ళేముందు ఒకసారి వారి పాదాలు చూడండి.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కొంత ఉబ్బి ఉంటుంది, దూరపు నడకలోనూ అలాగే ఉబ్బుతుంది. నడకకు వాడే మేజోళ్ళే తొడుక్కుని వెళ్ళి, నిలబడి, పొడవైన వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అర సైజు పెంచండి. దుకాణంలో ఏటవాలు పలక ఉంటే దాని మీద దిగి చూడండి. వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న రకం కంటే వల గుడ్డదే నా సలహా. పైనుంచి నీళ్ళు లోపలికి వచ్చాక ఆ పొర వాటిని బయటికి పోనివ్వదు, వల గుడ్డ మాత్రం నడుస్తూండగానే ఆరుతుంది. కొండ నడకల సామాను అమ్మే ఆర్.ఇ.ఐ. దుకాణాల్లో 30 డాలర్లు కట్టి జీవితకాల సభ్యత్వం తీసుకుంటే, కొన్నది నప్పనప్పుడు ఏడాది లోపు తిరిగి ఇచ్చే వీలుంది. పాదం అలవాటుపడటానికి వారాలు పట్టే ఇలాంటి షూకు ఆ వెసులుబాటు చాలా విలువైనది.

లోన్ పీక్ ధర సుమారు 140 డాలర్లు. ట్రెయిల్ రన్నింగ్ షూ ఏదైనా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుందని లెక్క, రాళ్ళ నేలలో తక్కువ సంఖ్యనే నమ్మాలి. తోలు హైకింగ్ బూట్లతో పోలిస్తే ఇది ఖరీదైన వ్యవహారమే, అయినా బరువులో తేడా చూశాక నేను మళ్ళీ బూట్ల వైపు వెళ్ళలేదు. పైభాగం బాగానే కనబడుతున్నా లోపలి ఫోమ్ ముందే అణగారిపోతుంది. సోల్ పక్కన అడ్డంగా ముడతలు పడి, ఇంతకుముందు తెలియని చిన్న రాళ్ళు అరికాలికి గుచ్చుకోవడం మొదలైతే ఆ జతను కొండకు తీసుకువెళ్ళడం మానేసి, సంతకూ వీధి నడకకూ వాడుకోండి.